ఏడు గంటల లెక్క

ప్రశ్న (సఖినేటిపల్లి మండలం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం, కొంత కుదించి):

"ఆడిటరు గారికి నమస్కారం. పోయిన మాఘమాసంలో, అంతర్వేది తీర్థం ముగిసిన నాలుగో రోజున, ఉదయం అయిదున్నరకు మా ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తూ ఒక పక్కకు ఒరిగిపోయింది. నీరసం అనుకుని లోపల పడుకోబెట్టి మజ్జిగ పట్టాం. ఏడింటికి కుడి చెయ్యి లేవడం లేదని గమనించి ఊళ్లో ఆర్ఎంపీని పిలిపించాం. ఆయన సెలైన్ పెట్టారు. ఎనిమిదింటికి కారు మాట్లాడుకుని, పంటు మీద వశిష్ట గోదావరి దాటి, తొమ్మిదిన్నరకు ఒక ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ రక్తపరీక్షలు చేశారు. రిపోర్టులు వచ్చాక, మా దగ్గర స్కానింగు లేదు, ఇంకోచోటికి తీసుకెళ్లండి అన్నారు. పదకొండు ముప్పావుకు బయల్దేరి పన్నెండున్నరకు రెండో ఆసుపత్రిలో సీటీ తీయించాం. మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయింది, నాలుగున్నర గంటల్లోపు తెచ్చి ఉంటే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం అన్నారు. ఇప్పుడు కుడివైపు కదలదు. మాట రాదు. చెప్పింది అర్థమవుతుంది, తల ఊపుతుంది.

ఇది ఇంకొకరికి జరగకూడదని మిత్రులం పదిమంది కలిసి మా ఊళ్లో యాభై పడకల నరాల ఆసుపత్రి కట్టాలనుకున్నాం. ఎమ్మారై కూడా పెట్టాలని ఉంది. ఒకాయన అరవై సెంట్ల కొబ్బరితోట ఇస్తానన్నారు, గేటు మీద తన తండ్రిగారి పేరు ఉండాలన్నది షరతు. ఇప్పటికి 38 లక్షలు పోగయ్యాయి. అమెరికాలో స్థిరపడ్డ మా ఊరి పిల్లలు డాలర్లు పంపుతామంటున్నారు. మిగతా సొమ్ము ఎలా సేకరించాలి? ఒకరు లక్కీ డ్రా పెట్టమంటున్నారు. ఉన్న డబ్బును రెండు రూపాయల వడ్డీకి తిప్పమని ఇంకొకరు. కొందరేమో ఆసుపత్రికి మా ఆవిడ పేరే పెట్టాలంటున్నారు. సలహా చెప్పగలరు."

సమాధానం:

మాస్టారూ,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీరు అడిగిన డబ్బు లెక్క చూశాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, మీరు అడగని గంటల లెక్క వేశాను. ట్రస్టుల పద్దులు చూస్తూ ముసలివాణ్ని అయినవాడికి అంకె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

అయిదున్నర నుంచి పన్నెండున్నర దాకా ఏడు గంటలు. అందులో ఇంట్లో గంటన్నర. సెలైన్ దగ్గర ఒక గంట. కారు, పంటు కలిపి గంటన్నర. స్కానింగు లేని ఆసుపత్రిలో రెండుంబావు గంటలు. అక్కడి నుంచి స్కానింగు ఉన్నచోటికి ముప్పావు గంట. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఆవిడ ఒరిగిన వెంటనే బయల్దేరి నేరుగా రెండో ఆసుపత్రికే వెళ్లి ఉంటే ప్రయాణమంతా కలిపి రెండుంబావు గంటలు. పావుతక్కువ ఎనిమిదికి అక్కడ ఉండేవారు. నాలుగున్నర గంటల గడువు తీరేది పదింటికి.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయలేదు. ముగ్గు దగ్గర ఒరిగిపోయిన మనిషికి మజ్జిగ పట్టని ఇల్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయి? పక్షవాతంలో మింగడం కూడా దెబ్బతింటుంది కాబట్టి నోటి ద్వారా ఏదీ పట్టకూడదని ఎవరైనా మనకు చెబితే కదా తెలిసేది. పక్షవాతానికి పావురం రక్తం రుద్దించడానికి తీసుకెళ్లేవారు ఇంకా ఉన్నారు. మీరు కనీసం ఆ దారి పట్టలేదు. నేను అడిగేది వేరు: మీరు కట్టబోయే యాభై పడకల ఆసుపత్రి ఈ ఏడు గంటల్లో ఏ పద్దును తగ్గిస్తుంది? ప్రయాణం తగ్గుతుంది, స్కానింగు లేనిచోట పోయిన రెండుంబావు గంటలు తగ్గుతాయి. అది కూడా ఆ ఆసుపత్రిలో తెల్లవారుజామున స్కాను తీసేవారూ చదివేవారూ ఉంటేనే. ఇంట్లో గంటన్నర, సెలైన్ గంట మాత్రం అలాగే ఉంటాయి. ఆ రెండూ కలిపితే గడువులో సగం దాటిపోయింది. మూసుకుపోయిన నాళం వెనక మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో వైద్యులు అంచనా కట్టారు. రూపాయి వృథా అయితే మళ్లీ వసూలు చేసుకోవచ్చు. ఈ పద్దులో తిరుగు జమ లేదు.

ఇక ఆసుపత్రి సంగతి. గోడలు కట్టడం తేలిక, మన వైపు దాతలకు కొదవ లేదు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నరాల వైద్యుడు తయారు కావాలంటే ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మరో మూడేళ్లు. అంత చదివినవారిని మీ ఊరు రప్పించి, రాత్రీ పగలూ ఒకరు అందుబాటులో ఉండేలా చూడాలంటే ఒక్కరు చాలరు, ముగ్గురు నలుగురు కావాలి. ఎమ్మారై మాట వదిలేయండి. దాని అయస్కాంతాన్ని ద్రవ హీలియంలో ఉంచి, ఆ చల్లదనం పోకుండా ఇరవైనాలుగు గంటలూ యంత్రం నడుపుతూ ఉండాలి. గది గోడలకు లోపల రాగి తొడుగు వేయాలి. 1996 నవంబరు 6 తుపాను చూసిన మీకు, ఉప్పుగాలి తగిలే ఊళ్లో నిరంతరం కరెంటు ఉండాలన్న మాటకు అర్థం నేను చెప్పనక్కర్లేదు. పైగా పక్షవాతం వచ్చిన మొదటి గంటలో వైద్యుడికి కావలసిన జవాబు ఒక్కటే: మెదడులో రక్తం కారిందా, నాళం మూసుకుపోయిందా? కారితే ఆ ఇంజెక్షన్ ప్రాణం తీయగలదు, మూసుకుపోతే మేలు చేస్తుంది. ఆ తేడా చెప్పడానికి సీటీ చాలు.

నా వృత్తి మొదట్లో డెల్టాలోనే ఒక ట్రస్టు ఆసుపత్రి పద్దులు చూసేవాణ్ని. పేరు ఎందుకు లెండి. దాతగారు స్కానింగు యంత్రం ఇచ్చారు, మంత్రిగారి చేత ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. గది పూర్తికాక యంత్రం ఒక వానాకాలం పెట్టెల్లోనే గడిపింది. సీటీకి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలన్న సంగతి పెట్టెలు వచ్చాక తెలిసింది. తర్వాత బాగానే నడిచింది, మూడేళ్లు. నాలుగో ఏట ఎక్స్‌రే ట్యూబు పోయింది. అది అరిగిపోయే భాగమే, మార్చాల్సిందే, ఎంతో ఖరీదైనదీ అదే. నిర్వహణ ఒప్పందానికి ఏ ఏడాదీ డబ్బు కేటాయించలేదని నేను రెండుసార్లు రాసిన నోట్ ఫైలులో భద్రంగా ఉంది. యంత్రం ఆగిపోయింది. శిలాఫలకాన్ని మాత్రం ఏటా ఆగస్టు 15కు తుడిచి పసుపు కుంకుమ పెట్టేవారు.

మనవాళ్లకు ఇవ్వడం తెలియదని ఎవరూ అనలేరు. కానీ ఇచ్చేది కంటికి కనిపించాలి: గాలిగోపురం, కల్యాణమండపం, స్కూలు గది. రోజూ ఖర్చయిపోయే దానికి ఇవ్వమంటే చెయ్యి వెనక్కి పోతుంది. అయినా ఈ గడ్డ మీద అందరూ చేతులెత్తి మొక్కే దాత ఎవరు? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు. ఆవిడ పెట్టింది అన్నం. ఈ పూట పెడితే పూటకు అయిపోయింది, రేపు మళ్లీ పొయ్యి వెలిగించాలి. 1909లో ఆవిడ వెళ్లిపోయారు. ఇన్నేళ్లయినా గోదావరి పాయ వైనతేయ మీద కాలువను దాటించే అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టుకున్నాం, బడి పిల్లల భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. మీరు అడగవలసిన డబ్బు ఆ కోవకు చెందినది. రోజూ వెలిగే పొయ్యికి కట్టెలు.

అందుకని నా సలహా: ఊళ్లో కొత్త ఆసుపత్రి ఆలోచన పక్కన పెట్టండి. ఉన్న ఆసుపత్రుల్లో ఒకదాన్ని పక్షవాతానికి సిద్ధంగా ఉంచడానికి డబ్బు పోగుచేయండి. ఏది అన్నది తేల్చడానికి ముందు ఒక పని ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. మీ పదిమందీ అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం పంచుకుని, ఒక శనివారం రాత్రి రెండు గంటలకు ఒక్కో ఆసుపత్రికి ఫోను చేయండి. ఇప్పుడు పక్షవాతం రోగిని తెస్తే సీటీ తీస్తారా? టెక్నీషియన్ ఉన్నాడా, ఇంటి నుంచి పిలవాలా? ఇంజెక్షన్ మీ దగ్గర ఉందా? ఇవ్వాలో వద్దో తేల్చే వైద్యుడు ఎవరు? పగలు అడిగితే అందరూ ఉందనే అంటారు. రాత్రి రెండింటి జవాబును నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చేతిలో ఉంటే సగం విరాళం వచ్చినట్టే. ఇచ్చేవాడు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

నరాల వైద్యుడు అదే భవనంలో ఉండక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో కొండల మధ్య జిల్లా ఆసుపత్రులకు నిపుణులు లేరు, సీటీలు మాత్రం ఉన్నాయి. పదేళ్ల కిందటే అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. డ్యూటీ డాక్టరు స్కాను బొమ్మను ఫోనులో దూరాన ఉన్న నిపుణుడికి పంపుతాడు, ఆయన చెబితే అక్కడే ఇంజెక్షన్ ఇస్తారు, మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కొండలకు మన ఏటిపాయలు ఏమీ తీసిపోవు. పెద్ద నాళం మూసుకుపోయి, గొట్టం పంపి గడ్డను లాగవలసిన రోగులు కొందరుంటారు. ఎంచి చూసిన కొందరికి ఆ చికిత్స 24 గంటల దాకా కూడా చేస్తారు. వారిని పెద్ద నగరానికి పంపాల్సిందే. ఎవరిని పంపాలో తొందరగా తేలడం కూడా ఆ ఫోను మీదే ఆధారపడి ఉంటుంది.

మీకు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో సీటీ లేదని తేలితే దాన్ని ఊరిని అడగకండి, కంపెనీలను అడగండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. కోనసీమ కింద గ్యాసు తోడుతున్న ఓఎన్‌జీసీ ఉంది, పైపులైన్లు వేసిన గెయిల్ ఉంది. మీ కొత్త ట్రస్టు చేతికి వారు డబ్బు ఇవ్వలేరు, మూడేళ్ల పని అనుభవం చూపాలన్నది నిబంధన. కాబట్టి ఆసుపత్రి సూపరింటెండెంటు, కలెక్టరు ద్వారా అడిగించండి. నిర్వహణ ఒప్పందం ఎన్నేళ్లకు, ఆ డబ్బు ఎవరిది అన్నది అదే కాగితంలో ఉండాలని పట్టుబట్టండి. నా పాత నోట్ లాగా మీది ఫైలులో పడుకోకూడదు.

ఊరిని అడగాల్సింది జీతాలకు. 38 లక్షలు బ్యాంకు డిపాజిట్‌లో ఉంచితే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 2 లక్షల 66 వేలు, నెలకు 22 వేల చిల్లర. ఒక ఫిజియోథెరపిస్టును పెట్టుకుని ఊరూరా తిప్పవచ్చు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలలూ కాలూ చెయ్యీ ఆడించేవారు ఇంటికి వస్తే మనిషి లేచి నడిచే అవకాశం ఎంతో పెరుగుతుంది. ఇంత ముఖ్యమైన పని ఇంత తక్కువ ఖర్చుతో ఇంకెక్కడా దొరకదు. దీనికి శిలాఫలకం లేదు కనుక ఎవరికీ గుర్తు రాదు. దాతలు తమ సొమ్మును మూలధనంగా, అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే వాడేందుకు, ఇస్తున్నామని రాతపూర్వకంగా ఇస్తే దాన్ని అలాగే పద్దులో చూపండి. రెండు రూపాయల వడ్డీ సంగతి చెప్పినవారికి నా నమస్కారాలు చెప్పండి. ట్రస్టు సొమ్మును చేబదుళ్లకు ఇస్తే చట్టం ఒప్పుకోదు, పన్ను మినహాయింపు పోతుంది. ఏడాదికి 24 శాతం ఇస్తానన్నవాడు ఒకరోజు ఊళ్లో కనిపించడు కూడా.

మిగతాది ఒక్కసారి చందాగా వద్దు. కళ్లంలో మేర కొలిచే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. చాకలికి ఇంత, కమ్మరికి ఇంత అని ధాన్యం ఇంటికి చేరకముందే పక్కన పెట్టేవారు. అది ఎవరికీ దానం అనిపించేది కాదు, పంటలో ఒక భాగం, అంతే. మీ వైపు కొబ్బరి రైతులను అడగండి: దింపు దింపుకూ నూటికి రెండు కాయలు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర పడిపోయినప్పుడు కాయల విలువ తగ్గుతుంది, రైతు మీద బరువు కూడా ఆ మేరకే. రొయ్యల చెరువుల వారిని పట్టుబడి రోజున అడగండి, మరునాడు కాదు. అన్నట్టు దింపు కార్మికుల మాట మరిచిపోకండి. చెట్టు మీద నుంచి జారిపడి నడుము విరిగిన మనిషిని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్తారు, సగం దెబ్బ అక్కడే తగులుతుంది. వెన్ను కదలకుండా పడుకోబెట్టే గట్టి బల్ల ఒకటి ప్రతి ఊళ్లో పంచాయతీ ఆఫీసులో ఉంచితే దానికి అయ్యే ఖర్చు ఒక విందు పెట్టే ఖర్చు కన్నా ఎక్కువ కాదు. మూర్ఛరోగులకు నెలకు ఒకరోజు నిపుణుడిని పిలిపించండి. మందు ఆపకుండా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామంది మానేస్తున్నది కొనలేక, లేదా తగ్గిపోయిందనుకుని.

అమెరికా పిల్లల డబ్బు దగ్గర జాగ్రత్త. మీ ఊరివాడే అయినా అమెరికా పౌరసత్వం తీసుకుంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం దృష్టిలో అతను విదేశీయుడే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా అతని దగ్గర డాలరు తీసుకోకూడదు. దానికి ట్రస్టు పుట్టి మూడేళ్లు కావాలి, సేవకు 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి. ఒక ప్రత్యేక పనికి ముందస్తు అనుమతి అడిగే దారి ఉంది. ఆ అనుమతి ఉన్న ఇంకో సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం 2020 నుంచి కుదరదు. తండ్రి ఖాతాలో వేయించి అక్కడి నుంచి ట్రస్టుకు తిప్పుదాం అనే తెలివి మాత్రం వద్దు, ఆ తెలివిని చూసే నోటీసులు వస్తాయి. మరో సంగతి, మీ మండలంలో ఇంటింటా ఉన్నదే: కువైట్, మస్కట్, దుబాయిల్లో భారత పాస్‌పోర్టుతో పనిచేస్తున్నవారు బ్యాంకు ద్వారా పంపే సొంత సంపాదన ఈ చట్టం కిందికి రాదు. ఇంటిపనికి వెళ్లిన అమ్మాయి పంపే అయిదు వందలు సులువుగా తీసుకోవచ్చు. ఇంజినీరు గారి అయిదు వేల డాలర్లకే చిక్కు.

లక్కీ డ్రా లాటరీ కిందికి వస్తుంది, మన రాష్ట్రంలో లాటరీలకు తావు లేదు. వద్దు. నగదు రెండు వేలు దాటితే దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎలాగూ రాదు, కాబట్టి ఆ ఎర వేసి అడగకండి. తీర్థాల్లో హుండీ తిప్పితే పేరూ ఊరూ రాసుకోండి. పేరు లేని విరాళాలు ఒక హద్దు దాటితే 30 శాతం పన్ను పడుతుంది. 2027 పుష్కరాలకు జనం పోటెత్తినప్పుడు ఇది ఇంకా బాగా గుర్తుంచుకోండి. నెలనెలా జమా ఖర్చుల కాగితాన్ని రామాలయం గోడకు అంటించండి, ఖర్చు లేని నెలలో కూడా.

తోట ఇస్తానన్న పెద్దాయన్ని నొప్పించకండి. గేటు లేదు కనుక గేటు మీద పేరు లేదు, అంతే. తోట ట్రస్టుకు రాసిస్తే దాని దింపు ఆదాయంతో ఏటా ఎన్ని ఇంజెక్షన్లు కొన్నారో, రామాలయం కాగితంలో వాళ్ల నాన్నగారి పేరు కింద రాస్తామని చెప్పండి. ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే వేరే తోటలు ఉన్నాయి.

మీకు ఒక పని. మీరు ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పారు. ఇప్పుడు మండలంలో ప్రతి ఎనిమిదో తరగతికీ ఒక్క పాఠం చెప్పండి. నవ్వమంటే మూతి వంకరపోయిందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిందా, మాట ముద్దగా వచ్చిందా, వెంటనే గడియారం చూసి 108కి ఫోను. పెద్దలు నీరసం అంటారు, పిల్లలు వినకూడదు. ఆర్ఎంపీలను, ఆటోవాళ్లను, పంటు నడిపేవాళ్లను కూడా కూర్చోబెట్టి ఇదే చెప్పండి. ఏ ఆసుపత్రికి నేరుగా వెళ్లాలో మీ రాత్రి రెండింటి నోటుపుస్తకంలోంచి చూపించండి. మీ ఏడు గంటల్లో ఆ మొదటి రెండున్నర గంటలను తగ్గించేది ఇదొక్కటే.

పేరు సంగతి. ఆవిడ పేరు పెట్టాలా వద్దా అని నన్ను ఎందుకు అడిగారు మాస్టారూ? అర్థమవుతుంది, తల ఊపుతుంది అని మీరే రాశారు. పక్కన కూర్చుని ఆవిడనే అడగండి.